టెక్సాస్‌లో ఎస్ఆర్-22 అడుగుతున్నారు, ఇన్సూరెన్స్ మూడింతలు చెబుతున్నారు. ఏం చెయ్యాలి?

కాకినాడ_డెంటన్ | శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. డెంటన్‌లో ఉంటాను, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే అనుమతి) మీద డాలస్ డౌన్‌టౌన్‌లో ఉద్యోగం, చేరి ఏడు నెలలైంది. నిన్న ఇక్కడ లైసెన్సులు చూసే డీపీఎస్ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. నా లైసెన్స్ సస్పెండ్ చేస్తున్నారట, తిరిగి కావాలంటే ఎస్ఆర్-22 అని ఇన్సూరెన్స్ కంపెనీ పంపే ఒక కాగితం పెట్టాలట, అది రెండేళ్లు ఆగకుండా నడవాలట. నిన్న సాయంత్రం నుంచి ఆ కాగితం వంటగది గట్టు మీదే ఉంది, వచ్చిపోయినప్పుడల్లా చదువుతున్నాను.

కారణం ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపినందుకు పడిన రెండు టికెట్లు. మొదటిది మాస్టర్స్ చేసేటప్పుడు. ఆటోపేకి ఇచ్చిన కార్డు గడువు తీరిపోయింది, కంపెనీ పంపిన మెయిల్స్ నేను చూసుకోలేదు, పాలసీ పోయి మూడు వారాలైందని నన్ను ఆపిన పోలీసాయన చెప్పేదాకా నాకు తెలియదు. కోర్టుకు ఎవరు తిరుగుతారులే అని ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేశాను. అలా కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టేనని అప్పుడు ఎవరూ చెప్పలేదు. రెండోది ఉద్యోగం దొరక్క ముందు, చేతిలో డబ్బుల్లేక ఒక్క నెల పాలసీ ఆపాను, సరిగ్గా ఆ నెలలోనే ఐ-35 మీద టైల్‌లైట్ వెలగడం లేదని ఆపారు. ఆ కేసు వాయిదాలు పడి పడి ఈమధ్యే తేలింది.

యాక్సిడెంట్ ఒక్కటి కూడా లేదు. తాగే అలవాటు లేదు. అయినా నన్ను హై రిస్క్ అంటున్నారు. ఇంతకుముందు ఆరు నెలలకు 740 డాలర్లు కట్టేవాణ్ణి, ఇప్పుడు ఒకరు 2,310 చెప్పారు, ఇంకొకరు ఎస్ఆర్-22 అనే మాట వినగానే మేం చెయ్యం అని ఫోన్ పెట్టేశారు. నాన్నకి ఇంకా చెప్పలేదు. కారు 2012 సెడాన్, లోన్ లేదు. ఎవరైనా ఇది దాటినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_ఇర్వింగ్ | శనివారం రాత్రి 10:31

తమ్ముడూ, మిగతా సంగతులు తర్వాత. ముందు సోమవారం ఆఫీసుకి కారు తియ్యకు. సస్పెండ్ అయిన లైసెన్స్‌తో దొరికితే అది వేరే కేసు, ఆ టైమ్‌లో ఇన్సూరెన్స్ కూడా లేదని తేలితే టెక్సాస్‌లో అది క్లాస్ బీ మిస్‌డిమీనర్ అనే క్రిమినల్ నేరం, 180 రోజుల దాకా జైలు రాసుంది. ఇప్పటిదాకా నీది డబ్బుతో పోయే గొడవ, దాన్ని క్రిమినల్ రికార్డు దాకా తీసుకుపోకు, అందులోనూ నువ్వు వీసా మీద ఉన్నావు. డెంటన్ నుంచి ఏ-ట్రైన్ ఎక్కు, ట్రినిటీ మిల్స్‌లో దిగి గ్రీన్ లైన్ పట్టుకుంటే నేరుగా డౌన్‌టౌన్‌లో దిగుతావు. టైమ్ ఎక్కువ పడుతుంది, పట్టనీ.

ఉత్తరంలో సస్పెన్షన్ ఏ తేదీ నుంచో చూశావా?

కాకినాడ_డెంటన్ | శనివారం రాత్రి 10:38

వచ్చే నెల 4 నుంచి అన్నా. కానీ ఇప్పుడు పాలసీ లేదు, అందుకని మీరన్నట్టే రైల్లోనే వెళ్తాను.

పాలమూరు_ప్లేనో | శనివారం రాత్రి 11:20

నేను ప్లేనోలో ఇన్సూరెన్స్ ఏజెంటుని, ఇండిపెండెంట్, అంటే ఒక్క కంపెనీకి కట్టుబడి లేను. ఇక్కడ వ్యాపారం కోసం రాయడం లేదు, మెసేజ్ పెట్టొద్దు, తెలిసింది చెబుతాను.

ఎస్ఆర్-22 అనేది ఇన్సూరెన్స్ కాదు. అందరూ అక్కడే పొరపడతారు. ఈ మనిషికి రాష్ట్రం అడిగినంత లయబిలిటీ పాలసీ (అవతలివాళ్ల నష్టానికి కట్టేది) ఉందని మీ ఇన్సూరెన్స్ కంపెనీ డీపీఎస్‌కి పంపే పూచీ కాగితం అది. ఆ కాగితానికి కంపెనీ తీసుకునేది ఏ 15, 25 డాలర్లో. మీ ప్రీమియం పెరిగింది కాగితం వల్ల కాదు, దాని వెనకున్న రెండు కన్విక్షన్ల వల్ల, అంటే కోర్టులో ఖాయమైన రెండు తప్పుల వల్ల, మధ్యలో పాలసీ తెగిపోవడం వల్ల. పాలసీ తెగడాన్ని మేం లాప్స్ అంటాం. యాక్సిడెంట్ లేకపోయినా లాప్స్ ఉన్నవాణ్ణి కంపెనీలు ఎందుకు భయపడి చూస్తాయంటే, డబ్బు కట్టడం ఆపేసేవాడు క్లెయిములు కూడా ఎక్కువ తెస్తాడని వాళ్ల లెక్క. మీ విషయంలో అది అన్యాయంగా అనిపించవచ్చు, నాకూ అనిపిస్తోంది, కానీ రేటు కట్టే కంప్యూటర్‌కి మీ కథ తెలియదు.

టెక్సాస్‌లో కనీస లయబిలిటీ 30/60/25. మీ తప్పు వల్ల ఒక మనిషికి దెబ్బలు తగిలితే 30,000 డాలర్ల దాకా, ఆ ప్రమాదంలో ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి 60,000 దాకా, అవతలి బండికీ ఆస్తికీ 25,000 దాకా. మీ సొంత కారుకి ఇందులో పైసా రాదు. లోన్ లేదు కాబట్టి ఫుల్ కవరేజ్ తీసుకోమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు. 2012 కారుకి కొలిజన్ (గుద్దుకుంటే మీ కారు రిపేరుకి ఇచ్చేది) పెట్టుకోవాలా అన్నది కారు ఎంత చేస్తుందో చూసుకుని మీరే తేల్చుకోండి. ఆ 2,310 కోట్‌లో ఫుల్ కవరేజ్ కలిసి ఉందేమో చూడండి. ఉందనే నా అనుమానం.

రెండేళ్లు లెక్క పెట్టేది చివరి కన్విక్షన్ తేదీ నుంచి. ఈ రెండేళ్లలో పాలసీ ఏ కారణంగా ఆగినా కంపెనీ ఎస్ఆర్-26 అనే ఇంకో కాగితం డీపీఎస్‌కి పంపుతుంది, లైసెన్స్ మళ్లీ సస్పెండ్. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను చెప్పేది, నెలనెలా కట్టొద్దు, అప్పు చేసైనా సరే ఆరు నెలలది ఒకేసారి కట్టెయ్యండి. డిస్కౌంటు వస్తుంది, దానికంటే ముఖ్యం, కార్డు ఫెయిలై పాలసీ పోయే ప్రమాదం ఏడాదికి పన్నెండు సార్ల నుంచి రెండు సార్లకి తగ్గుతుంది. కంపెనీ మారాలనుకుంటే కొత్తవాళ్ల ఎస్ఆర్-22 అందిందని డీపీఎస్‌లో కనబడ్డాకే పాతది ఆపండి.

దీనితోపాటు డీపీఎస్‌కి రీఇన్‌స్టేట్‌మెంట్ ఫీజు, అంటే లైసెన్స్ తిరిగి ఇచ్చేందుకు ఫీజు, 100 డాలర్లు వేరుగా కట్టాలి. కాగితం పెట్టేసి ఫీజు కట్టడం మర్చిపోయి, లైసెన్స్ వచ్చేసిందనుకుని నడిపి దొరికినవాళ్లని చూశాను.

ఇక ఫోన్ పెట్టేసినవాళ్ల గురించి బాధపడకండి. కొన్ని పెద్ద కంపెనీలు ఇలాంటి కేసులు ముట్టుకోవు. నాన్-స్టాండర్డ్ అని ఈ పనే చేసే కంపెనీలు వేరే ఉన్నాయి, ఇండిపెండెంట్ ఏజెంటు దగ్గరికి వెళితే నాలుగైదు చోట్ల ఒకేసారి అడిగి చెబుతాడు. ఎవరూ ఇవ్వకపోతే టీఏఐపీఏ, అంటే టెక్సాస్ ఆటోమొబైల్ ఇన్సూరెన్స్ ప్లాన్ అసోసియేషన్ అనే సంస్థ ఉంది. గత 60 రోజుల్లో కనీసం రెండు కంపెనీలు కాదన్నాయని చూపిస్తే, ఆ సంస్థ మిమ్మల్ని ఏదో ఒక కంపెనీకి అప్పగిస్తుంది, వాళ్లు కాదనడానికి లేదు. ధర ఎక్కువే, పైగా లయబిలిటీ లాంటివి తప్ప సొంత కారుకి కొలిజన్ దొరకదు. చిట్టచివరి దారి అది.

కాకినాడ_డెంటన్ | శనివారం రాత్రి 11:47

అన్నా, చాలా థాంక్స్, ఇప్పుడు చూశాను, ఆ కోట్‌లో కొలిజన్, కాంప్రహెన్సివ్ (దొంగతనం లాంటివాటికి) రెండూ ఉన్నాయి. నేనే టిక్ పెట్టాను, అలవాటుగా.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మా రూమ్మేట్ ఒకడున్నాడు, వాడి రికార్డు క్లీన్. కారు వాడి పేరు మీదకి మార్చి, పాలసీ వాడి పేరుతో తీసుకుని, లైసెన్స్ వచ్చాక నేను నడిపితే? అలా చేసినవాళ్లున్నారని విన్నాను.

నెల్లూరమ్మాయి | ఆదివారం ఉదయం 8:05

వద్దు తమ్ముడూ. అది చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే చెబుతున్నా.

హ్యూస్టన్‌లో నలుగురం అమ్మాయిలం, ఒక టూ బెడ్‌రూమ్ ఫ్లాటు, ఒక్క కారు. కారు నాదే, పాలసీ నాదే. ఇంట్లో ఇంకెవరైనా డ్రైవ్ చేసేవాళ్లున్నారా అని అప్లికేషన్లో అడిగితే లేరు అని కొట్టాను, ఎందుకంటే ఉన్నారంటే ధర పెరుగుతోంది. మా రూమ్మేట్‌కి లైసెన్స్ వచ్చి రెండు నెలలు, అంతకుముందు ఒక యాక్సిడెంట్ కూడా ఉంది. ఒకరోజు తను కిరాణాకి వెళ్లి పార్కింగ్ నుంచి వెనక్కి తీస్తూ ఒక పికప్‌ని కొట్టింది. దెబ్బలేం లేవు. మా కారు వెనక లైటు ఎర్ర పెంకులు చాలా రోజులు ఆ పార్కింగ్‌లోనే పడి ఉన్నాయి, పోయినప్పుడల్లా కనబడేవి.

క్లెయిమ్ చూసే ఆవిడ ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న బండి నడిపిందెవరు అని. రెండో ప్రశ్న ఆ నడిపినావిడ ఎక్కడ ఉంటారు అని. మాది ఒకే అడ్రస్. లీజు కాగితం పంపమన్నారు, దాని మీద నలుగురి పేర్లూ ఉన్నాయి. అంతే. ముఖ్యమైన విషయం దాచారని మా కారు రిపేరు ఇవ్వలేదు, పాలసీ రెన్యూ చెయ్యలేదు. అవతలాయనకి ఇవ్వాల్సిన డబ్బు మేం నలుగురం కలిసి కట్టాం, నెలలు పట్టింది. తర్వాత వేరే కంపెనీకి వెళితే వాళ్ల దగ్గర అదంతా ముందే ఉంది. క్లూ అని ఒక రిపోర్ట్ ఉంటుంది, లెక్సిస్‌నెక్సిస్ అనే సంస్థది, మన క్లెయిములు ఏడేళ్ల దాకా అందులో ఉంటాయి. ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు, తెప్పించుకో.

ఇంకో సంగతి. నీ ఎస్ఆర్-22 నీ పేరు మీదే ఉండాలి. రూమ్మేట్ పాలసీ నీ లైసెన్స్‌ని తిరిగి తీసుకురాదు, పైగా నీ స్నేహితుడి రికార్డు కూడా పాడవుతుంది. వాడి అమ్మానాన్నకి నువ్వు సమాధానం చెప్పుకోవాలి.

కాకినాడ_డెంటన్ | ఆదివారం ఉదయం 8:40

అర్థమైంది అక్కా. అడగకుండా చేసేసి ఉంటే ఏమయ్యేదో. ఆ ఆలోచన వదిలేశాను.

పాలమూరు_ప్లేనో | ఆదివారం ఉదయం 9:15

నెల్లూరు చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. రూమ్మేట్లంటే మనకి స్నేహితులు, ఇన్సూరెన్స్ వాళ్లకి ఒకే ఇంట్లో ఉండే డ్రైవర్లు. కారు తాకనివాళ్లున్నా పేరు చెప్పి, ఎక్స్‌క్లూడ్ చెయ్యమనండి. ఎక్స్‌క్లూడ్ చేసినవాళ్లకి తాళం ఇవ్వకండి, వాళ్లు నడిపితే కవరేజ్ లేనట్టే.

కారు అమ్మేసే ఆలోచన ఉంటే నాన్-ఓనర్ పాలసీ అని ఉంది. సొంత కారు లేనివాళ్లకి. దాని మీద కూడా ఎస్ఆర్-22 పెట్టవచ్చు, ధర బాగా తక్కువ. రైల్లో వెళ్లగలిగితే ఒక ఏడాది అలా గడిపినా లైసెన్స్ నిలబడుతుంది, లాప్స్ లేని చరిత్ర కూడా మొదలవుతుంది.

సీమ_బిడ్డ | ఆదివారం మధ్యాహ్నం 12:30

డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేస్తే టికెట్ పోతుంది కదా? నేను పోయినేడు స్పీడింగ్‌కి అలాగే చేశాను.

ఓరుగల్లు_ఇర్వింగ్ | ఆదివారం మధ్యాహ్నం 12:52

అది స్పీడింగ్ లాంటి మూవింగ్ టికెట్లకి బ్రో, 12 నెలల్లో ఒక్కసారే, లిమిట్ మీద 25 మైళ్లు అంతకు పైన పోతే అదీ లేదు. ఇన్సూరెన్స్ లేని టికెట్‌కి పనికిరాదు. దానికి ఒక్కటే మందు, టికెట్ పడ్డ రోజున పాలసీ ఉన్నట్టు కాగితం కోర్టులో చూపించడం. ఉన్నా ఫోన్‌లో చూపించలేక టికెట్ పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు దయచేసి ఫైన్ కట్టెయ్యకండి, కాగితం చూపిస్తే కేసు కొట్టేస్తారు. మొదటిసారి ఫైన్ 175 నుంచి 350, రెండోసారి నుంచి 350 నుంచి 1,000. కానీ అసలు నష్టం ఫైన్ కాదని ఇప్పుడు ఈ తమ్ముణ్ణి చూస్తే తెలుస్తోంది.

బెజవాడ_ఫ్రీమాంట్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

కాలిఫోర్నియా సంగతి చెబుతా, ఉద్యోగం మారి ఇటొచ్చేవాళ్లుంటారు కాబట్టి. ఇక్కడ 1988లో ఓటర్లు ప్రపోజిషన్ 103 అని ఒక చట్టం తెచ్చారు, దాని ప్రకారం రేటు కట్టేటప్పుడు ముందు చూడాల్సింది డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతాం, ఎన్నేళ్ల అనుభవం అన్నవి. క్రెడిట్ స్కోర్ వాడకూడదు. టెక్సాస్‌లో వాడతారు, కొత్తగా వచ్చి క్రెడిట్ లేని మనవాళ్లకి అక్కడ అదొక దెబ్బ. మంచి రికార్డు ఉంటే కనీసం 20 శాతం గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ ఇచ్చి తీరాలి. కానీ తాగి నడిపి దొరికితే ఆ డిస్కౌంట్ పదేళ్లు పోతుంది.

కనీస లయబిలిటీ చాలా కాలం 15/30/5 ఉండేది, 2025 జనవరి 1 నుంచి 30/60/15 చేశారు. 15,000లో ఈ ఊళ్లో ఎవరి కారు బాగుపడుతుందో ఆలోచించండి. ఫ్రీమాంట్‌లో మా వీధిలో నిలబడితే పోయే కార్లలో సగం టెస్లాలే. హై రిస్క్ అని ధర పెరిగినప్పుడు అందరూ కనీసానికి దిగుతారు, నేనూ ఒకప్పుడు దిగాను, కానీ లిమిట్ పైన అయిన ఖర్చుకి మన జీతం మీదకే వస్తారు. రెండు లిమిట్లకీ కోట్ అడిగి చూడు తమ్ముడూ, కొన్నిసార్లు తేడా అనుకున్నంత ఉండదు.

అల్వాల్_నుంచి | ఆదివారం రాత్రి 9:25

నేను హైదరాబాద్‌లో ఉంటాను, మా అబ్బాయి వచ్చే ఆగస్టులో చదువుకి అటు వస్తున్నాడు, అందుకని మొత్తం చదివాను. మాకు ఇక్కడ థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వమే పెడుతుంది. 1000 నుంచి 1500 సీసీ కారుకి 2022 జూన్‌లో పెట్టింది 3,416 రూపాయలు. నడిపేవాడు ఎలాంటివాడైనా అదే. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అంతకు మించి మనిషిని బట్టి రేటు మారడం మాకు అలవాటు లేదు. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 2,000 ఫైన్, రెండోసారి 4,000, కట్టేసి మర్చిపోతారు. ఆ అలవాటుతోనే మన పిల్లలు అక్కడ కూడా ఫైన్ కట్టేస్తే అయిపోయిందనుకుంటున్నారేమో అనిపించింది.

బాబూ, నాన్నగారికి చెప్పు. నేను తండ్రినే, చెబుతున్నాను. డబ్బు పోయిందని తెలిస్తే ఒక పూట బాధపడతారు, నువ్వు దాచావని తర్వాత తెలిస్తే ఆ బాధ ఎక్కువ.

పేరు_వద్దు_నార్త్‌టెక్సాస్ | ఆదివారం రాత్రి 11:58

ఇది రాయాలా వద్దా అని నిన్న రాత్రి నుంచి ఆగాను. నాది డీడబ్ల్యూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు. పెళ్లి రిసెప్షన్ నుంచి వస్తూ, ఇంటికి నాలుగు మైళ్ల దూరంలో. ఎవరికీ ఏమీ కాలేదు, ఆ ఒక్క విషయానికి రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ధర సంగతి, ఆరు నెలలకు 3,100 చెప్పారు, లయబిలిటీ మాత్రమే. అది అన్నింటికంటే చిన్న ఖర్చు. కోర్టు ఫైన్ కాకుండా టెక్సాస్‌లో మొదటి డీడబ్ల్యూఐకి రాష్ట్రం విడిగా 3,000 డాలర్లు వేస్తుంది, రక్తంలో ఆల్కహాల్ 0.15 లేదా అంతకు పైన ఉంటే 6,000. లాయరు ఖర్చు వేరు. అరెస్టయ్యాక 15 రోజుల్లోపు హియరింగ్ అడగకపోతే లైసెన్స్ దానంతటదే సస్పెండ్ అవుతుంది, నాకు ఆ 15 రోజుల సంగతి తెలిసేసరికి పదమూడో రోజు.

ఎవరూ చెప్పని ఇంకో మాట. కొన్ని వారాలకి కాన్సులేట్ నుంచి మెయిల్ వచ్చింది, పాస్‌పోర్టులో ఉన్న వీసా రద్దు చేశామని. కోర్టు ఇంకా ఏమీ తేల్చకముందే, అరెస్టు చాలు దానికి. ఇక్కడ ఉండటానికి, ఉద్యోగానికి ఆ రద్దు అడ్డం కాలేదని లాయరు చెప్పారు, కానీ ఇండియా వెళితే కొత్త వీసా స్టాంపింగ్, దానికి ముందు కాన్సులేట్ చెప్పిన ప్యానెల్ డాక్టర్ దగ్గర పరీక్షలు. చెల్లి పెళ్లికి వెళ్లలేకపోయాను. వీడియో కాల్‌లో చూశాను.

కాకినాడ తమ్ముడూ, నీది దాటిపోయే సమస్య. నా కేసులో ఉద్యోగానికి వెళ్లడానికి ఆక్యుపేషనల్ లైసెన్స్ కోర్టులో అడిగి తెచ్చుకున్నాను, దానికీ ఎస్ఆర్-22 కావాలి. మామూలుగా రోజుకి నాలుగు గంటలు, జడ్జి ఒప్పుకుంటే పన్నెండు దాకా. రైలు లేని చోట ఉండేవాళ్లకి చెబుతున్నాను.

నెల్లూరమ్మాయి | సోమవారం ఉదయం 7:10

అన్నయ్యా, రాసినందుకు థాంక్స్. ఇది చదివి ఈ వారాంతం ఎవరైనా ఒక్కరు క్యాబ్ బుక్ చేసుకున్నా చాలు.

క్వీన్స్_తెనాలి | సోమవారం ఉదయం 8:33

న్యూయార్క్‌లో ఎస్ఆర్-22 లేదు, అలాగని సంతోషపడక్కర్లేదు. ట్రాఫిక్ తప్పులకి వేసే పాయింట్లు 6 చేరితే డ్రైవర్ రెస్పాన్సిబిలిటీ అసెస్‌మెంట్ అని ఏడాదికి 100 డాలర్ల చొప్పున మూడేళ్లు కట్టాలి. ఇన్సూరెన్స్ ఆపాలంటే ముందు నంబర్ ప్లేట్లు డీఎంవీకి (ఇక్కడి వాహనాల శాఖకి) అప్పగించాలి, ప్లేట్లు ఉంచుకుని పాలసీ ఆపితే మొదటి నెల రోజుకి 8 డాలర్లు, తర్వాత ఇంకా ఎక్కువ. ఇండియాకి మూడు నెలలు వెళ్తూ పాలసీ ఆపేసేవాళ్లు ఇది చూసుకోండి. ఏ రాష్ట్రమైనా సరే, వెళ్లేముందు ఏజెంటుకి ఫోన్ చేసి, ఆపడం కాకుండా తగ్గించే దారి ఏమైనా ఉందా అని అడగండి.

కాకినాడ_డెంటన్ | గురువారం రాత్రి 9:50

అప్‌డేట్ ఇస్తున్నాను. మంగళవారం లంచ్ టైమ్‌లో ఒక ఇండిపెండెంట్ ఏజెంటు దగ్గరికి నడిచి వెళ్లాను. ఆవిడ ఐదు చోట్ల చూసింది. 30/60/25 లయబిలిటీ ఆరు నెలలకు 1,390. బెజవాడ అన్న చెప్పినట్టు 50/100/50కి అడిగితే 1,545. అన్‌ఇన్‌సూర్డ్ మోటరిస్ట్ (ఇన్సూరెన్స్ లేనివాడు నన్ను గుద్దితే పనికొచ్చేది) కూడా కలిపి 1,640 దగ్గర ఆగాను. ముగ్గురు రూమ్మేట్ల పేర్లూ చెప్పి ఎక్స్‌క్లూడ్ చేయించాను. ఒకేసారి కట్టేశాను, సగం నా దగ్గర ఉంది, సగం నాన్న పంపారు. అవును, చెప్పాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత ఎంత కావాలి అని అడిగారు.

కానీ ఒక చిక్కు. ఎస్ఆర్-22 బుధవారమే పంపామని కంపెనీ అంటోంది, డీపీఎస్ సైట్‌లో ఎలిజిబిలిటీ చూస్తే ఇంకా అందలేదనే ఉంది. ఎదురుచూడాలా?

పాలమూరు_ప్లేనో | గురువారం రాత్రి 10:14

కొన్ని రోజులు పట్టడం మామూలే. అయినా ఒకటి చూడండి, పాలసీలో పేరు లైసెన్స్ మీద ఉన్నట్టే ఉందా? మనవాళ్ల పేర్లకి ఇది పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, రెండు ముక్కల పేరుని ఒకచోట కలిపి, ఒకచోట విడగొట్టి. పాస్‌పోర్టులో ఒకటే పేరుంటే లైసెన్స్‌లో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడవచ్చు. లైసెన్స్ నంబరు కూడా అంకె అంకె చూడండి.

కాకినాడ_డెంటన్ | గురువారం రాత్రి 10:29

అన్నా, దొరికింది. లైసెన్స్ మీద వెంకట, సాయి రెండు మాటలుగా ఉంది, పాలసీలో వెంకటసాయి అని కలిపేశారు. పుట్టిన తేదీలో రోజు, నెల కూడా తారుమారు చేశారు, 05/09 బదులు 09/05. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి ఆఫీసు తెరుస్తారు, రైలెక్కే ముందే ఫోన్ చేస్తాను.